ప్రహరీ దాటని పచ్చదనం

సిరోంచ మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలో ఉంది. ఇక్కడ చాలా ఇళ్లలో తెలుగు, బడిలో మరాఠీ, అడవి పల్లెల్లో గోండీ, మాడియా. ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసేచోట ఈ ఒడ్డున సిరోంచ, ఆ ఒడ్డున కాళేశ్వరం. మామ ఈ ఒడ్డున జిల్లా పరిషత్ బడిలో చదువు చెప్పి రిటైరైన మాస్టారు. అల్లుడు ఆ ఒడ్డున, తెలంగాణలో ఒక డిగ్రీ కాలేజీ లెక్చరర్. కాలేజీలకు గ్రేడులిచ్చే న్యాక్ పనులు చూసే ఐక్యూఏసీకి కోఆర్డినేటర్ కూడా. పండక్కి వచ్చి ల్యాప్‌టాప్ ముందు కూర్చుని గ్రీన్ ఆడిట్ నివేదిక దిద్దుతున్నాడు. విశ్వవిద్యాలయాలు, కాలేజీలు పర్యావరణం వైపు ఎందుకు మళ్లుతున్నాయన్న వాదన అక్కడే పుట్టింది.

మామ: ఏందిరా అల్లుడా, పండుగ పూట గూడ చెట్లు లెక్కపెడుతున్నవా?

అల్లుడు: తప్పదు మామా. క్యాంపస్‌లో ఏ జాతి చెట్లు ఎన్నున్నయి, ఎల్ఈడీ బల్బులెన్ని, ఇంకుడు గుంతలెన్ని, చెత్త ఎటు పోతున్నది, అన్నీ రాయాలె. న్యాక్‌కు ఏడు ప్రమాణాలు. 2017లో మార్చిన పట్టిక ప్రకారం మొత్తం వెయ్యి మార్కులు. ఏడో ప్రమాణం సంస్థ విలువలు, ఉత్తమ పద్ధతులు. దానికి వంద. పర్యావరణం పద్దు అందులోనే.

మామ: అంటే మార్కుల కోసం చెట్లు పెట్టిన్రన్నట్టు.

అల్లుడు: మార్కుల కోసమే. దాచుడెందుకు? మార్కులొస్తే గ్రేడు. గ్రేడొస్తే అటానమస్ హోదాకు దారి, గ్రాంట్లకు దారి, అడ్మిషన్లకు పేరు. మాకంటే పెద్ద యూనివర్సిటీలైతే ప్రపంచ ర్యాంకుల వెనుక పడుతున్నయి. ఇండోనేసియా విశ్వవిద్యాలయం 2010లో గ్రీన్‌మెట్రిక్ అని మొదలుపెట్టింది. టైమ్స్ హయ్యర్ ఎడ్యుకేషన్ వాళ్లు 2019 నుంచి ఇంపాక్ట్ ర్యాంకులు ఇస్తున్నరు. నన్నడిగితే ఇందులో సిగ్గుపడేదేం లేదు. ఎందుకు నాటిన్రని చెట్టు అడగదు. నీడ నీడే.

మామ: చెట్టు అడగదు గానీ నీళ్లడుగుతది. జులైలో హరితహారం అని నాటిన్రు. వరుసగ నిలబడి ఫొటో దిగిన్రు. మార్చిలో నీళ్లు పోసింది ఎవరు? మీ ఫారంలో నాటిన లెక్కకు గడి ఉంటది. బతికిన లెక్కకు ఉన్నదా?

అల్లుడు: ఇప్పుడు జియోట్యాగ్ ఫొటో లేనిదే ఒప్పుకుంటలేరు మామా. ఏ తారీఖున, ఏ జాగల తీసింది ఫొటోమీదనే ఉంటది.

మామ: చెట్టు ఏడ ఉన్నదో తెలుస్తది. ఎందుకు ఎండిందో తెలువదు.

అల్లుడు: సరే, నువ్వు ఉద్దేశం మంచిగుండాలె అంటవు. మంచి ఉద్దేశం ఎన్నాళ్లుంటది? ఒక ప్రిన్సిపాల్‌కు చెట్లంటే పాణం. తనే పొద్దుగాల పైపు పట్టుకొని నీళ్లు పెడతడు. మూడేండ్లకు బదిలీ అయితడు. తర్వాత వచ్చినాయనకు పార్కింగు షెడ్డు ముఖ్యం. మనిషితో వచ్చిన మంచితనం మనిషితోనే పోతది. ఫారం మాత్రం ఎవరొచ్చినా అదే ప్రశ్న అడుగుతది. అందుకే నేను మనసులను నమ్మను, నియమాలను నమ్ముత.

మామ: మాట బాగనే ఉన్నది. మరి ఆ జవాబు నిజమా కాదా చూసేదెవరు? మీరే రాస్తరు, మీరే ఆడిటర్‌కు పైసలిస్తరు. వండినోడే రుచి చూసి బాగున్నదని రాసుకున్నట్టు.

అల్లుడు: కరెంటు బిల్లు అట్ల అబద్ధం చెప్పదు గదా! మేడమీద సోలార్ పలకలు పెట్టిచ్చినం. కంపెనీవాళ్లే సొంత ఖర్చుతో పెట్టిన్రు. ఒప్పందం ఉన్నన్నేండ్లు యూనిట్‌కు ఇంత అని వాళ్లకు కడుతం. డిస్కం రేటు కంటే తక్కువ పడుతది. మేనేజ్‌మెంటుకు భూతాపం గురించి గంట ఉపన్యాసమిచ్చినా కదల్లేదు. బిల్లు తగ్గుతదని ఒక్క కాగితం చూపెట్టంగనే సంతకం పెట్టిన్రు. ఆ మేరకు చెల్పూరు కరెంటు ప్లాంటులో బొగ్గు తక్కువ కాలుతది. వాళ్ల మనసులో ఏమున్నదో బొగ్గుకు పట్టింపు లేదు.

మామ: ఇది ఒప్పుకుంట. లాభం, మంచి ఒకే దిక్కు నడిచినప్పుడు లాభం చెయ్యి పట్టుకొని పోవచ్చు. అవి రెండూ విడిపోయే మలుపు ఒకటొస్తది. ఆడ మీ కాలేజీ ఎటు తిరుగుతది? నేనడిగేది అదీ.

అల్లుడు: ఆ మలుపు కాడ చట్టం ఉంటది. పర్యావరణం పేపరు కాలేజీల్లోకి ఎట్ల వచ్చిందనుకున్నవు? ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు 1991లో చెప్పింది, పర్యావరణ చదువు అన్ని స్థాయిల్లో ఉండాలని. కాలేజీలు కదల్లేదు. 2003 డిసెంబర్‌లో కోర్టు మళ్లీ గట్టిగ చెప్పినంకనే యూజీసీ పాఠ్యప్రణాళిక డిగ్రీ పిల్లలందరికీ తప్పనిసరి అయింది. ఒక్క వైస్ ఛాన్సలర్ మనసు కరిగి ఆ పేపరు రాలేదు. కోర్టు మెడలు వంచితే వచ్చింది.

మామ: వచ్చింది సరే. పిల్లలు ఎట్ల చదువుతున్నరు?

అల్లుడు: పరీక్ష ముందురోజు గైడు కొనుక్కొని.

మామ: నాకూ తెలుసు, మనవరాలి సిలబస్ నేను చదివిన. యాభై క్లాసులు. అందులో ఐదు క్లాసుల లెక్కన ఫీల్డు వర్కు. మీ దగ్గరి నదికో, అడవికో, కొండకో పోయి చూసి రాయమన్నడు. కాలుష్యమైన జాగ ఒకటి చూసి రాయమన్నడు. రాసినోడు మంచోడే. మరి ఆ ఐదు క్లాసులు ఏడ జరుగుతున్నయి? పక్కన పార్కుకు పోయి బ్యానర్ పట్టుకొని ఫొటో దిగితే అయిపోయె. గోదావరి పక్కనే ఉన్నది. నీళ్లలోకి ఎవరు దిగిన్రు?

అల్లుడు: దిగినోళ్లూ ఉన్నరు మామా, అందరినీ ఒకే గాటన కట్టకు.

మామ: ఉంటరు, కాదనను. దిగకున్నా మార్కులు తక్కువ కావు, అదే నా మాట. గోదావరిమీద మేడిగడ్డ బ్యారేజీ సంగతే తీసుకో. 2016 ఆగస్టులో రెండు రాష్ట్రాలు ఒప్పందం చేసుకున్నయి. నీటిమట్టం 100 మీటర్లకు ఒప్పుకున్నరు. 2019 జూన్ 21న బ్యారేజీ ప్రారంభించిన్రు. వానాకాలమొస్తే ఈ ఒడ్డున సిరోంచ తాలూకాలో పత్తి, మిరప చేన్లు నీళ్ల కింద మునుగుడు మొదలైంది. మనిషి పేరు సాత్‌బారా భూమి కాగితంలో ఉంటది, భూమి నీళ్లలో ఉంటది. పరిహారం కోసం రైతులు ధర్నాకు కూసున్నరు. 2023 అక్టోబర్ 21న ఏడో బ్లాకులో పియర్లు కుంగినయి. మరి ఇంత పెద్ద సంగతికి మీ గ్రీన్ ఆడిట్‌లో ఒక్క గడి ఉన్నదా?

అల్లుడు: ఆడిట్ అనేది క్యాంపస్ లోపలి లెక్క. బ్యారేజీ కట్టింది కాలేజీ కాదు గదా!

మామ: ఆడిట్‌కు ఎల్లలు గీసింది ఆ క్యాంపస్ గోడనే. మీరు ఎందుకు చేస్తున్నరన్నది మీరు ఎంతదూరం చేస్తరో తేలుస్తది. మార్కుల కోసమైతే ఫారంలో గడి ఉన్నంతవరకు. బిల్లు కోసమైతే మీటరు తిరిగేంతవరకు. ర్యాంకు కోసమైతే ఫొటో వచ్చేంతవరకు. ప్రహరీ అవతల నది కోస్తున్నా, అడవి తగ్గుతున్నా మీ పత్రం పచ్చగనే ఉంటది. నీడ నీడే అన్నవు గదా? గోడ లోపల పడే నీడకే మీరు పూచీ.

అల్లుడు: మరి మార్కులు, బిల్లు, ర్యాంకు ఏదీ లేకుంట, ఒట్టి జ్ఞానం కోసమే ప్రహరీ దాటి వచ్చినోళ్లు ఏం చేసిన్రో చెప్పనా? నీకు ఇష్టమైన కథే. కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌వాళ్లు ఈ సిరోంచ తాలూకాకు వచ్చిన్రు. పోచంపల్లి దగ్గర డైనోసార్ ఎముకలు తవ్విన్రు. దాదాపు మూడు వందల ఎముకలు. తవ్వకాలు సాగిన 1961 టాగోర్ శతజయంతి సంవత్సరం కాబట్టి ఆయన పేరు కలిపి 1975లో బరపాసారస్ టాగోరై అని పేరు పెట్టిన్రు. గొప్ప పని, ప్రపంచమంతా చదివింది. ఎముకలు ఇప్పుడు ఏడున్నయి?

మామ: కలకత్తాలో నిలబెట్టిన్రు.

అల్లుడు: అదీ సంగతి! మన కోట ఊరి పేరు పెట్టిన రాతిపొరను భూగర్భ శాస్త్రం చదివేటోళ్లు కోట ఫార్మేషన్ అని చదువుకుంటరు. కోటలో పిల్లలు ఎముకలు చూడాలంటే కలకత్తా రైలెక్కాలె. ఆ శాస్త్రవేత్తల ఉద్దేశంలో లోపమేమీ లేదు. ఊరికి ఏమియ్యాలె అన్న నియమం లేదు, అందుకే ఊరికి ఏమీ రాలేదు. నీ మంచి ఉద్దేశం గూడ గోడ కట్టుకుంటది మామా, అది కంటికి కనబడదంతే.

మామ: మంచి దెబ్బ కొట్టినవు. ఇప్పుడు వడధంలో అటవీశాఖవాళ్లు ఫాసిల్ పార్కు పెట్టిన్రు, అది వేరే కథ. ఒట్టి జ్ఞానం చాలదు, ఒప్పుకుంట. నేను చెప్పే ఉద్దేశం పండితుల మనసులో ఉండేది కాదు. ఇంకో రకం ఉన్నది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పిల్లలు కంచ గచ్చిబౌలి కాడ చూపిచ్చింది. 2025 ఉగాది పూట, మార్చి 30న, ఆ నాలుగు వందల ఎకరాలలో బుల్డోజర్లు దిగినయి. పిల్లలు అడ్డం పోయిన్రు. పోలీసులు ఎత్తుకపోయిన్రు. జింకలు, నెమళ్లు ఉన్న జాగ అది. ఏ న్యాక్ మార్కు కోసం పోయిన్రు వాళ్లు?

అల్లుడు: ఆపింది మాత్రం పిల్లలు కాదు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంతట తాను కేసు తీసుకొని ఆపింది. మళ్లీ నియమమే గెలిచింది.

మామ: కోర్టుకు సంగతి ఎట్ల చేరింది? హాస్టల్ మేడలమీంచి పిల్లలు వీడియోలు తీసి దేశమంతా పంపితే చేరింది. వాళ్లు మేల్కొని లేకుంటే సెలవులు ముగిసేనాటికి ఆడ చదును చేసిన నేలే ఉండేది. ఆ కొద్దిరోజులలోనే వంద ఎకరాలు పోనే పోయినయని అంటున్నరు గదా! ఇంకో మాట చెప్పు. ఆ నాలుగు వందల ఎకరాలు యూనివర్సిటీ గ్రీన్ ఆడిట్‌లోకి వస్తయా?

అల్లుడు: రావు. భూమి కాగితాలమీద ప్రభుత్వానిది. 1974లో యూనివర్సిటీ పెట్టినప్పుడు ఇచ్చిన 2,300 ఎకరాలలోదే అని యూనివర్సిటీవాళ్లంటరు, కాదని ప్రభుత్వమంటది. 2024లో కోర్టులో ప్రభుత్వమే గెలిచింది, ఆ కేసు మాత్రం ఒక ప్రైవేటు కంపెనీతో.

మామ: అదీ! ఆడిట్ లెక్క ప్రకారం ఆ అడవి పోతే యూనివర్సిటీకి ఒక్క మార్కు తగ్గదు. పిల్లలకు మాత్రం ఆ అడవి లెక్కలో ఉన్నది. రోజూ పొద్దున నడిచేది ఆడనే, పిట్టల పేర్లు నేర్చుకున్నది ఆడనే. పిల్లలు రోడ్డెక్కినంకనే యూనివర్సిటీ రిజిస్ట్రార్ మార్చి 31న ప్రకటన ఇచ్చిన్రు, సర్కారు చెప్పిన ఉమ్మడి సర్వే జరగలేదని. సంస్థకు కూడ నోరు తెరిపిచ్చింది ఆ పిల్లలే.

అల్లుడు: బయట దేశాల్లో గూడ అట్లనే అయింది, కాదనను. హార్వర్డ్ విశ్వవిద్యాలయం తన నిధులను బొగ్గు, చమురు కంపెనీలలోంచి తీయాలని పిల్లలు, పాత విద్యార్థులు ఏండ్లకేండ్లు అడిగిన్రు. సంస్థ కాదన్నది, కాదన్నది, ఆఖరుకు 2021లో ఒప్పుకున్నది. ఒత్తిడి పనిచేస్తది. నా భయం వేరే. పిల్లలు మూడేండ్లకు, ఐదేండ్లకు పట్టా పట్టుకొని పోతరు. ప్రిన్సిపాల్ బదిలీ అయినట్టే ఉద్యమం గూడ బదిలీ అయితది. ఆ తర్వాత?

మామ: అందుకే పిల్లలమీద మొత్తం భారం వేస్తలేను. పోనోళ్లు ఒకరున్నరు. ఊరోళ్లు.

అల్లుడు: ఊరోళ్లు కాలేజీని అడుగుతరా?

మామ: మన జిల్లాలోనే ధనోరా తాలూకాలో మేండా లేఖా ఉన్నది. 2009లో అటవీ హక్కుల చట్టం కింద సుమారు 1,800 హెక్టార్ల అడవిమీద ఊరంతటికీ హక్కు వచ్చింది. దేశంలోనే మొదటి ఊర్లలో ఒకటి. 2011 ఏప్రిల్‌లో కేంద్రమంత్రి జైరాం రమేశ్ స్వయంగ వచ్చి వెదురు రవాణా అనుమతి పుస్తకం గ్రామసభ చేతిలో పెట్టిపోయిండు. ఆ హక్కుకంటే ముందు వాళ్లు చేసిందేందో ఎరికేనా? అభ్యాస గట్‌లు పెట్టుకున్నరు. ఊరోళ్లు, బయటినుంచి వచ్చిన చదువుకున్నోళ్లు కలిసి కూసొని చట్టం, అడవి, నీళ్లు చదివేటోళ్లు. అందరూ ఒప్పుకుంటెనే తీర్మానం. ఒక్కరు కాదన్నా మళ్లీ మాట్లాడుకునుడే. చదువు ఊరికి జవాబుదారుగ ఉండుడంటే అది.

అల్లుడు: మన గోండ్వానా విశ్వవిద్యాలయం గూడ అందుకే పుట్టిందన్నరు గదా! 2011లో నాగపూర్ విశ్వవిద్యాలయంలోంచి చంద్రపూర్, గడ్చిరోలి జిల్లాలను విడదీసి ఇచ్చిన్రు. సిరోంచ పిల్లలకు నాగపూర్ కంటే గడ్చిరోలి దగ్గర.

మామ: దగ్గరనే, రెండు వందల కిలోమీటర్లే! ఆలాపల్లి రోడ్డుమీద ఒకసారి బస్సెక్కితే ఆ దగ్గర ఎంతో తెలుస్తది. సరే, యూనివర్సిటీ వచ్చినందుకు సంతోషమే. ఇప్పుడు సూర్జాగఢ్ కొండమీద ఇనుప గని నడిపే లాయిడ్స్ మెటల్స్‌తో అది ఒప్పందం చేసుకున్నది, గనుల చదువుల కోసం. తప్పంటలేను. మన పిల్లలకు నౌకర్లు గావాలె. నా ప్రశ్న ఒకటే. గని పైసలతో నడిచే ల్యాబు రేపు గని దుమ్మును కొలవాల్సొస్తే, వచ్చిన అంకెను ఉన్నదున్నట్టు ఊరికి చెప్తదా?

అల్లుడు: చెప్పదని నువ్వు ముందే ఎట్ల తేలుస్తవు?

మామ: చెప్పదంటలేను. చెప్పాలని అడిగే గడి యాడ ఉన్నదంటున్న. లాభం, మంచి విడిపోయే మలుపు అన్న గదా, అది ఇదే. ఇక్కడ బిల్లు సాయం రాదు, ర్యాంకు సాయం రాదు. జవాబు అడిగేటోడు గోడ అవతల నిలబడి ఉండాలె.

అల్లుడు: ఇప్పుడు నువ్వు నా దారికి వచ్చినవు మామా. గడి లేదంటున్నవు. అయితే గడి పెడదాం. నియమాలను నమ్ముతనన్న గదా, నియమమే పెంచుదాం. ఏడో ప్రమాణంలో ఇంకొక ప్రశ్న: మీ కాలేజీకి పది కిలోమీటర్లలోపల ఏ ఊరి నీళ్లు, ఏ ఊరి నేల ఈ ఏడాది పరీక్ష చేసిన్రు? వచ్చిన అంకెలు ఎవరి చేతిలో పెట్టిన్రు? ఫీల్డు వర్కుకు ఐదు క్లాసులు ఎట్లనూ ఉన్నయి. కెమిస్ట్రీ ల్యాబులో పీహెచ్ మీటరున్నది, కరిగిన లవణాలు చూసే మీటరున్నది. కొత్త ఖర్చు పెద్దగ లేదు. బ్యాక్‌వాటర్ దిగిపోయినంక మట్టిలో ఉప్పెంత మిగిలిందో పిల్లలే కొలుస్తరు. ఆ అంకె రైతు చేతిలో ఉంటే తహసీల్ ఆఫీసులో పరిహారం మాట్లాడేటప్పుడు పనికొస్తది.

మామ: బాగున్నది. అంకెలు నిజమని సంతకం పెట్టేదెవరు?

అల్లుడు: గ్రామసభ. ప్రైవేటు ఆడిటర్ జాగలో గ్రామసభ. గ్రామసభకు అధికారమిచ్చే పెసా చట్టం ఇక్కడ ఎట్లనూ ఉన్నది.

మామ: ఈ మాట నువ్వన్నవంటే నాకు నమ్మబుద్ధి అయితలేదు. కానీ నీ ఫారాల సంగతి నాకు తెలుసు. మొదటి ఏడు టీమొస్తది, సభ కూసుంటది, అంకెలు చదువుతరు. రెండో ఏడు సర్పంచ్ ఇంటికొచ్చి రిజిస్టర్‌లో సంతకం తీసుకుంటరు. మూడో ఏడు వాట్సాప్‌లో కాగితం పంపి ముద్ర వెయ్యమంటరు. మార్కులు వస్తనే ఉంటయి. మీ చెట్లకైన గతే మా సంతకానికైతది.

అల్లుడు: అయితే ఇంకేం చెయ్యాలె? మార్కులొద్దంటే కాలేజీ రాదు. మార్కులుంటే తంతు అయితదంటవు.

మామ: మార్కులుండనీ. కాలేజీని ఊరిదాకా తీసుకొచ్చేది మార్కులే, ఇందాకటినుంచి నువ్వు చెప్పిన దాంట్లో అది నిజం. వచ్చినోళ్లకు ఎదురుగ ఒక మనిషి కూసోవాలె, కాదని చెప్పగలిగే మనిషి. మీ ఫారంలో గ్రామసభకు సంతకం పెట్టే గడి ఒక్కటే పెడితే తంతే. సంతకం పెట్టం, ఎందుకంటే ఇదీ కారణం అని రాసే గడి గూడ పెట్టు. ఆ కారణం న్యాక్ వెబ్‌సైట్‌లో నలుగురికీ కనబడాలె. మేండాలో ఒక్కరు కాదంటే తీర్మానం ఆగుతది గదా, ఈడ గూడ గ్రేడు ఆగాలె.

అల్లుడు: గ్రేడు ఆగుతదంటే ఏ కాలేజీ ఒప్పుకోదు మామా. ప్రతి ఊర్లో రెండు పార్టీలుంటయి. పాత పగ తీర్చుకోను కాదంటే మా ఏడాది పని మొత్తం మునుగుతది.

మామ: పగతోని కాదన్నడా, నిజంగనే కాదన్నడా, పోయి విచారించుకోన్రి. ఆ విచారణ కోసమైనా ఊర్లోకి రావాల్సి వస్తది గదా!

అల్లుడు: దీన్ని నేను ఉన్నదున్నట్టు రాయలేను. గ్రేడు ఆగాలె అనే మాట తీసేస్త. కారణం రాసే గడి మాత్రం పెడత, వచ్చే మీటింగులో చదువుత. నవ్వుతరు.

మామ: నవ్వనీ. గ్రేడు మాట తీసినందుకు నేను గూడ నీకు సంతకం పెట్టను. కారణం రాసి ఇస్త, దాన్ని గూడ చదువు.